వాన వెలిశాక వచ్చే నీళ్లు

రాత్రి ఎవరూ అనుకోని వాన పడి, తెల్లారేసరికి మొగులు విడిపోయిందంటే వరంగల్, హన్మకొండల్లో చాలామందికి ముందు గుర్తొచ్చేది బొగత జలపాతం. ములుగు, ఏటూరునాగారం మీదుగా గోదావరి వంతెన దాటి వాజేడు వైపు బండ్లు బయల్దేరతాయి. వెళ్లొచ్చినవాళ్లలో కొందరు "అంత వాన పడ్డా నీళ్లే లేవు" అంటారు, ఇంకొందరేమో "మా దగ్గర చినుకే పడలేదు, అక్కడ మాత్రం దగ్గరికి కూడా పోనియ్యలేదు" అంటారు. రెండూ నిజమే. జలపాతంలో నీళ్లు రాత్రి వాన ఒక్కదాని లెక్క కాదు. పైన ఉన్న నేల అంతకుముందే ఎంత తాగి ఉందన్నది అసలు లెక్క.

చదరపు కిలోమీటరు నేల మీద 1 మిల్లీమీటరు వాన పడితే 10 లక్షల లీటర్లు. 10 చదరపు కిలోమీటర్ల అడవి మీద 50 మిల్లీమీటర్లు కురిస్తే 50 కోట్ల లీటర్లు. ఎండలకు నెర్రెలు బారిన జూన్ నేల మీద ఆ వాన నిదానంగా పడితే చాలా భాగం ఆ నెర్రెల్లోకి, వేర్లు కుళ్లి మిగిలిన సందుల్లోకి, చెదల బొరియల్లోకి దిగిపోతుంది, కింద ఒర్రె పారనే పారకపోవచ్చు. అదే వాన ఆగస్టులో, వారం రోజుల ముసురు తర్వాత పడితే సంగతి వేరు. మట్టి రేణువుల మధ్య గాలి ఉండాల్సిన ఖాళీల్లో అప్పటికే నీళ్లుంటాయి, నేల జాలు పట్టి ఉంటుంది, కొత్తగా పడ్డ నీటికి లోపల చోటు ఉండదు కాబట్టి ఎక్కువ భాగం వాలు వెంట ఒర్రెలోకి, ఒర్రె నుంచి వాగులోకి ఉరుకుతుంది. నేల ఎండి ఉన్నా కూడా, అది పీల్చుకునే వేగం కంటే జోరుగా వాన దంచితే ఇదే జరుగుతుంది. బండరాయి ఎక్కువున్న గుట్టల మీదైతే చెప్పనక్కరలేదు.

నేల ఎంత దూప మీద ఉందో కొంతవరకు ముక్కు కూడా చెబుతుంది. ఎండిన నేల మీద చినుకు పడగానే వచ్చే మట్టి వాసనకు 1964లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇసాబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ పెట్రికోర్ అని పేరు పెట్టారు. అందులో ముఖ్యమైనది జియోస్మిన్, మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ లాంటి బాక్టీరియా తయారుచేసే పదార్థం. చినుకు తగిలినప్పుడు మట్టి సందుల్లోని గాలి బుడగలై పైకొచ్చి పగులుతుంది, ఆ తుంపరల్లో వాసన గాల్లోకి ఎక్కుతుంది. రోజుల తరబడి నానిన నేలలో ఆ గాలికే చోటు తక్కువ, అందుకే ముసురు నాళ్లలో ఆ ఘాటు ఉండదు. అయితే మన ముక్కు చెప్పేది మన కాళ్ల కింది నేల సంగతే. బొగతకు వచ్చే వాగులో నీళ్లు చాలావరకు ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవుల్లో పడ్డ వానవి.

నాకు భయం వేసేది ఇక్కడే. పైన అర్ధరాత్రి ఆగిపోయిన వాన తాలూకు వరద కింది జలపాతం దగ్గరికి తెల్లారాక రావచ్చు, అప్పటికి ఎండ కాస్తుంటుంది, పిల్లలు నీళ్లలో ఉంటారు. 2023 జులై 26న వెంకటాపురం మండలంలోని ముత్యాలధార జలపాతం చూడ్డానికి వెళ్లిన పదుల మంది, తిరుగుదారిలో వాగు పొంగి రాత్రంతా అడవిలోనే చిక్కుకున్నారు, ఎన్‌డీఆర్‌ఎఫ్ వాళ్లు వెళ్లి బయటికి తెచ్చారు. మర్నాడు పొద్దుటికల్లా అదే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది, అప్పటివరకు తెలంగాణలో అంత ఎప్పుడూ పడలేదు.

నీటి రంగు చూడండి. మట్టి పొరల గుండా మెల్లగా ఊరి వచ్చే నీళ్లు తేటగా ఉంటాయి, వానలు తగ్గాక అక్టోబరు, నవంబరుల్లో జలపాతాలను పారించేవి ఎక్కువగా ఈ ఊట నీళ్లే. నేల మీదుగా ఉరికొచ్చేవి మట్టిని కోసుకుంటూ ఎర్రగా వస్తాయి. తేటగా పారుతున్న వాగు కళ్లముందే ఎర్రబడుతున్నా, పుల్లలు, ఎండుటాకులు ఒక్కసారిగా ఎక్కువైనా, పైనుంచి రాళ్లు దొర్లే చప్పుడు వినిపించినా వెంటనే గట్టెక్కాలి, ఫొటో కోసం కూడా ఆగొద్దు. మోకాలి లోతే కదా అని దిగకండి, ప్రవాహం వేగం రెట్టింపైతే అది కాళ్లను నెట్టే బలం నాలుగు రెట్లవుతుంది, పైగా కింద బండల మీద పాకుడు. అవతలి ఒడ్డున చిక్కుకుంటే ఎత్తైన చోట కూర్చుని ఎదురుచూడటమే మంచిది. పైన వాన మళ్లీ అందుకోకపోతే చిన్న వాగులు పొంగినంత తొందరగానే తగ్గుతాయి, తరచుగా కొన్ని గంటల్లోనే.