మారిషస్ కొండల దారిలో ఒక రోజు: అపోహలు, వాస్తవాలు

మారిషస్‌కు వచ్చే తెలుగు కుటుంబాలకు దీవి నైరుతి భాగంలోని కొండ ప్రాంతాన్ని చూపించడం నా వృత్తి. ఉదయం 8 గంటలకు వ్యాను బయలుదేరిన తరువాత మొదటి గంటలో వినిపించే ప్రశ్నలు దాదాపు ప్రతిసారీ ఒకటే. ప్రకటనలన్నీ ఈ దీవిని తెల్లటి ఇసుకగా, నీలి నీళ్లుగా మాత్రమే చూపిస్తాయి కనుక, నడుమ ఉన్న పీఠభూమి, దాని చుట్టూ లేచిన కొండలు ఇక్కడి ఎండను, వానను, దారులను, చరిత్రను ఎలా నిర్ణయిస్తాయో ముందుగా చెప్పేవారు ఉండరు. టిక్కెట్లు కొనేముందే ఈ సంగతులు తెలిసి ఉంటే ఆ ఒక్క రోజూ వృథా కాకుండా ఉంటుందని ఇది రాస్తున్నాను.

అపోహ: "చిన్న దీవే కదా, ఒక్క రోజులో మొత్తం చూసేయవచ్చు."

వాస్తవం: ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 65 కిలోమీటర్లు, తూర్పు నుంచి పడమరకు సుమారు 45 కిలోమీటర్లు ఉన్న మాట నిజమే. అయితే దూరాన్ని కాక దారిని లెక్కపెట్టాలి. విమానాశ్రయం నుంచి రాజధాని పోర్ట్ లూయిస్ మీదుగా ఉత్తరాన గ్రాండ్ బే వైపు వెళ్లే పెద్ద రహదారిని వదిలితే, మిగిలినవి చెరకు తోటల మధ్య, గ్రామాల మధ్య సాగే ఇరుకు దారులు. నైరుతి కొండల్లోని షమరెల్ గ్రామం దగ్గరికి వచ్చేసరికి అవి ఘాట్ రోడ్డు మలుపులుగా మారుతాయి. గ్రాండ్ బేలో బస చేసినవారు దీవి నైరుతి మూలన ఉన్న ల మోర్న్ చేరడానికే గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. అందుకే గైడులు దీవిని ఉత్తరం, తూర్పు, నైరుతి అని విడదీసి, ఒక్కోదానికి ఒక్కో రోజు కేటాయిస్తారు. "పన్నెండు ప్రదేశాలు చూపిస్తాం" అని ఎవరైనా చెబితే, వాటిలో ఎన్నిటి దగ్గర వ్యాను దిగి నిలబడగలరో అడగండి. నా అనుభవంలో ఆరు దాటితే చివరి రెండూ కిటికీలోంచి చూసినట్టే అవుతాయి. దానికి తోడు జూన్ చివరలో సాయంత్రం 5:45కే సూర్యాస్తమయం అవుతుంది. ఆ రోజుల్లో పది గంటలకు తీరిగ్గా బయలుదేరిన కుటుంబం, మామూలుగా చిట్టచివర చూసే ల మోర్న్ తీరానికి చీకటి పడ్డాక చేరుతుంది.

దారిలో ఓడ నమూనాలు, బట్టలు అమ్మే దుకాణాల దగ్గర ఆపే అలవాటు కూడా ఉంది. కొన్నిచోట్ల అమ్మకం మీద డ్రైవరుకు కమీషను అందుతుంది. కొనాలనుకునేవారికి అది ఉపయోగకరమే కావచ్చు కానీ, వద్దనుకునేవారు ఆ మాట ముందురోజే చెప్పాలి. వెలుగున్న సమయంలో ఒక గంట అక్కడ పోతే మళ్లీ దొరకదు.

అపోహ: "మారిషస్‌లో ఎప్పుడూ ఎండే, స్వెట్టరు దేనికి?"

వాస్తవం: ఆగ్నేయం నుంచి వీచే వ్యాపార పవనాలు సముద్రపు తేమను మోసుకొచ్చి, పీఠభూమిని ఢీకొని పైకి లేచి, అక్కడ వానగా కురుస్తాయి. 550 మీటర్ల ఎత్తున ఉన్న క్యూర్‌పిప్ పట్టణంలో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా వర్షం పడితే, కొండలకు అవతలి వైపున ఉన్న పడమటి తీరంలో 1,000 మిల్లీమీటర్లు కూడా పడదు. హోటలు దగ్గర ఎండ కాస్తున్న రోజునే క్యూర్‌పిప్‌లో పొగమంచు కమ్మి ఉండవచ్చు, కాబట్టి హోటలు బాల్కనీలో నిలబడి ఆకాశాన్ని చూసి ప్రయాణాన్ని రద్దు చేసుకోకూడదు, గొడుగు అక్కర్లేదని తేల్చుకోనూ కూడదు. పైగా ఇది దక్షిణార్ధగోళం. మన వేసవి సెలవులు ముగిసే జూన్ నాటికి ఇక్కడ చలికాలం మొదలవుతుంది. తీరానికీ పీఠభూమికీ మధ్య ఉష్ణోగ్రతలో దాదాపు ఐదు డిగ్రీల తేడా ఉంటుంది. పసిపిల్లలకు, పెద్దవారికి ఒక జాకెట్టు తప్పనిసరి.

అపోహ: "ఇది భారతదేశం నుంచి విడిపోయిన ముక్క."

వాస్తవం: క్యూర్‌పిప్‌లో ట్రూ ఓ సెర్ఫ్ అనే అగ్నిబిలం అంచున నిలబడి ఉన్నప్పుడు ఈ మాట ఎక్కువగా వినిపిస్తుంది. దీవి సముద్రగర్భం నుంచి ఎగసిన లావాతో ఏర్పడింది. పైకి కనిపించే రాళ్ల వయసు సుమారు 90 లక్షల ఏళ్లకు మించదు. 2017లో శాస్త్రవేత్తలు ఇక్కడి ఒక రాయిలో 250 నుంచి 300 కోట్ల ఏళ్ల నాటి జిర్కాన్ అనే ఖనిజపు స్ఫటికాలను గుర్తించి, లావా కింద ఒక ప్రాచీన ఖండపు శకలం ఉందని చెప్పారు. ఆ వార్త నోటినోటా మారి "భారతదేశపు ముక్క" అయింది.

అసలు బంధం మరొకటి ఉంది. అది నాకు ఇంకా ఆశ్చర్యంగానే ఉంటుంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం దక్కను పీఠభూమిని లావాతో కప్పిన భూగర్భ ఉష్ణకేంద్రమే (భూమి లోతుల నుంచి వేడి శిలాద్రవం పైకి ఎగదన్నే చోటు), భారతదేశాన్ని మోస్తున్న భూఫలకం ఉత్తరానికి జరిగిపోయిన ఎంతో కాలానికి, మారిషస్‌ను పుట్టించింది. ఆదిలాబాద్, వికారాబాద్ ప్రాంతాల్లోని నల్లరాయికీ, రాజమహేంద్రవరం దగ్గర బయటపడే లావా పొరలకూ, ఈ బిలం అంచున మన కాలి కింద ఉన్న రాయికీ మూలం ఒకటే. ఆ కేంద్రం ఇప్పుడు ఇక్కడికి సుమారు 200 కిలోమీటర్ల దూరాన ఉన్న రియూనియన్ దీవి కింద ఉంది, అక్కడి అగ్నిపర్వతం తరచుగా లావా కక్కుతూనే ఉంటుంది. ట్రూ ఓ సెర్ఫ్ మాత్రం మనుషులు ఈ దీవి మీద అడుగుపెట్టిన తరువాత ఎన్నడూ పేలలేదు.

కొండల ఎత్తు గురించి కూడా ఒక మాట చెప్పాలి. దీవిలో అన్నిటికన్నా ఎత్తైన బ్లాక్ రివర్ శిఖరం 828 మీటర్లు. మన అరకు లోయ నేల అంతకన్నా ఎత్తున ఉంది. అయినా ఈ కొండలు సముద్రం పక్కనే నిటారుగా లేవడం వల్ల కంటికి చాలా పెద్దవిగా కనిపిస్తాయి.

అపోహ: "షమరెల్‌లోని ఏడు రంగుల నేల రంగులు వేసి చేసినది."

వాస్తవం: లావా చల్లబడి ఏర్పడిన బసాల్టు రాయి వేల ఏళ్ల వానలకు, వేడికి శిథిలమై మట్టిగా మారేటప్పుడు, నీటిలో కరిగే ఖనిజాలు కొట్టుకుపోయి ఇనుము, అల్యూమినియం ఆక్సైడులు మిగిలిపోయాయి. ఇనుము ఎక్కువైన చోట ఎరుపు, గోధుమ ఛాయలు, అల్యూమినియం ఎక్కువైన చోట నీలం, ఊదా ఛాయలు వచ్చాయి. అయితే ఇది విశాలమైన ఎడారి కాదు, కంచె వెలుపల నడుస్తూ చూడవలసిన చిన్న మట్టిదిబ్బల వరుస. ఫొటోల్లో కనిపించే గాఢమైన రంగుల్లో చాలావరకు తరువాత దిద్దినవే. ఏటవాలు ఎండలో రంగులు బాగా తేలతాయి, నడిమధ్యాహ్నం వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. అందుకే నేను వీలైనప్పుడల్లా మొదట నేరుగా షమరెల్ చేరి, పీఠభూమి వైపు తిరుగు దారిలో వెళతాను.

అపోహ: "సముద్రం లోపలి జలపాతాన్ని కొండ మీద నుంచి చూపిస్తారు."

వాస్తవం: అది జలపాతం కాదు. ల మోర్న్ దగ్గర పగడపు దిబ్బ అంచు దాటాక సముద్రపు అడుగు ఒక్కసారిగా లోతుకు దిగిపోతుంది. ప్రవాహాలు ఆ అంచు మీదుగా ఇసుకను, ఒండ్రును కిందికి ఈడ్చడం వల్ల, లేత నీలం నుంచి ముదురు నీలానికి మారే రంగుల్లో, ఆకాశం నుంచి చూసేవారికి నీరు కిందికి దూకుతున్న భ్రమ కలుగుతుంది. అది హెలికాప్టరు నుంచో విమానం నుంచో చూడవలసిన దృశ్యం. తీరంలో నిలబడిన మనిషికి కనిపించదు.

అపోహ: "కొండల మీది అడవి అంతా సహజమైనదే, కోతులకు అరటిపళ్లు పెట్టవచ్చు."

వాస్తవం: దీవిలో ఒకనాటి స్వదేశీ అడవిలో చెడకుండా మిగిలినది రెండు శాతం లోపే. బ్లాక్ రివర్ గోర్జెస్ జాతీయ వనాన్ని 1994లో ప్రకటించినది దానిని కాపాడేందుకే. దారి పక్కన పిల్లలు ఇష్టంగా కోసుకునే చిన్న ఎర్రజామ కూడా బయటి నుంచి వచ్చి స్థానిక మొక్కలను నొక్కేస్తున్న జాతే. కోతులను కూడా మనుషులే తెచ్చారు. అవి పక్షుల గుడ్లను, పక్షిపిల్లలను తింటాయి. 1974లో మారిషస్ కెస్ట్రెల్ అనే డేగ జాతి పక్షులు అడవిలో నాలుగే మిగిలాయి. పెంపకం ద్వారా ఆ జాతిని తిరిగి నిలబెట్టడానికి ఎంత శ్రమ పట్టిందో తెలిసినవారు, వ్యూ పాయింటు దగ్గర కోతికి అరటిపండు అందించరు.

అపోహ: "గంగా తలావ్ ఫొటో దిగే చోటు, పదిహేను నిమిషాలు చాలు."

వాస్తవం: అగ్నిబిలంలో నిలిచిన ఈ సరస్సుకు 19వ శతాబ్దం చివరి నుంచి యాత్రికులు వస్తున్నారు, 1972లో గంగాజలం తెచ్చి ఇందులో కలిపారు. మహాశివరాత్రికి లక్షల మంది కావళ్లు మోసుకుంటూ దీవి నలుమూలల నుంచి కాలినడకన వస్తారు, ఆ నాలుగైదు రోజులు కొండదారిలో వాహనాలు కదలవు. అప్పుడు నడిచి వచ్చేవారితో కలిసి రావాలే తప్ప, సందర్శన ప్రయాణం పెట్టుకోకూడదు. మిగతా రోజుల్లోనూ ఇది పూజ జరిగే స్థలమే కాబట్టి, దుస్తుల విషయంలో మన ఊరి గుడికి వెళ్లినట్టే రావాలి.

శాకాహారం దొరకదన్న భయం అక్కర్లేదు. పప్పు కూరిన ధోల్‌పూరీ రోడ్డు పక్కన ఎక్కడైనా దొరుకుతుంది.

అపోహ: "మనవాళ్లను ఇక్కడికి బానిసలుగా తెచ్చారు; ల మోర్న్ వారి కొండ."

వాస్తవం: ఈ ఒక్కదాని దగ్గర నేను వ్యాను ఆపి మరీ చెబుతాను. 556 మీటర్ల ల మోర్న్ బ్రబాంట్ కొండ, ప్రధానంగా ఆఫ్రికా, మడగాస్కర్ల నుంచి బంధించి తెచ్చిన బానిసలలో తప్పించుకున్నవారు తలదాచుకున్న చోటు. విముక్తిని ప్రకటించడానికి వస్తున్న సైనికులను చూసి, మళ్లీ పట్టుకోవడానికే వస్తున్నారనుకుని కొందరు కొండ మీది నుంచి దూకారని ఆ బానిసల సంతతివారైన ఇక్కడి క్రియోల్ ప్రజలు తరతరాలుగా చెప్పుకుంటారు. యునెస్కో 2008లో ఈ కొండను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఇక్కడ బానిసత్వం రద్దయిన తేదీ 1835 ఫిబ్రవరి 1.

తెలుగువారు వచ్చిన దారి వేరు. బానిసల స్థానంలో చెరకు తోటలకు ఒప్పందపు కూలీలను 1834 నుంచి తెప్పించారు. వారిలో గంజాం, విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల నుంచి వచ్చిన మనవారిని, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదుగా "కోరంగీలు" అని పిలిచారు. ఒప్పందం ఉందని కష్టం తక్కువేమీ కాలేదు కానీ, ఒకరి చరిత్రను మరొకరికి అంటగడితే ఇద్దరికీ అన్యాయం జరుగుతుంది. కోరంగీల వారసులు రోజూ మాట్లాడేది ఫ్రెంచి నుంచి పుట్టిన ఇక్కడి క్రియోల్ భాష. అయినా రామభజనం, అమ్మోరు పండుగ వదలలేదు. ఉగాది ఇక్కడ ప్రభుత్వ సెలవు దినం. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఈ దీవిలోనే జరిగాయి.

వారు దిగిన చోటు చూడాలంటే నైరుతి ప్రయాణంలో కుదరదు. అది పోర్ట్ లూయిస్ రేవులోని ఆప్రవాసీ ఘాట్, 2006 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. ఆదివారం మూసి ఉంటుంది కనుక వారం మధ్యలో ఒక పూట విడిగా పెట్టుకోండి. ఓడ దిగినవారు ఎక్కిన 16 రాతిమెట్లు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి.