పాత ఎస్‌యూవీ కొంటున్నారా? మీటరు రీడింగు దగ్గరే ఆగిపోకండి: అపోహలు, వాస్తవాలు

హన్మకొండలో మా వర్క్‌షాపుకు మరమ్మతు కోసం వచ్చే బండ్లతో పాటు, కొనబోయే ముందు ఒకసారి చూసి చెప్పమని తెచ్చే పాత బండ్లు కూడా వస్తుంటాయి. వాటిలో ఇప్పుడు ఎక్కువ భాగం ఎస్‌యూవీలే. పదీ పన్నెండేళ్లు నమ్మకంగా నడిచిన చిన్న కారుకు ఖర్చు పెరిగిపోయింది, ఇంట్లో పెద్దవాళ్లకు వంగి ఎక్కడం కష్టమవుతోంది, ఊరికి వెళ్లినప్పుడు స్పీడ్ బ్రేకర్లకు అడుగు తగులుతోంది, కొత్తది కొనే స్థోమత లేదు. ఇలాంటి కారణాలతో వచ్చే కుటుంబాల ఆందోళన నాకు అర్థమవుతుంది, ఎందుకంటే వారు పెట్టేది ఏళ్ల తరబడి దాచుకున్న డబ్బు. అయితే వారిలో చాలామంది బండి దిగుతూనే చెప్పే మొదటి మాట ఒకటే: "అన్నా, నలభై వేలే తిరిగింది." అది ఏ సంవత్సరం మోడల్, ఎవరు నడిపారు, సర్వీసు ఎక్కడ చేయించారు అన్నవి ఆ తర్వాత నేను అడిగితే గానీ రావు. ఈ ఒక్క అంకెను నమ్మి జనం పోగొట్టుకుంటున్నంత డబ్బు మిగతా అపోహలన్నీ కలిసినా పోగొట్టవని నా అభిప్రాయం. కాబట్టి దీని గురించే ఎక్కువగా రాస్తాను.

అపోహ: రీడింగు తక్కువ ఉంటే బండి మంచిది, డిజిటల్ మీటరును ఎవరూ మార్చలేరు

డిజిటల్ మీటరును మార్చడం పాత మీటర్ల కన్నా తేలిక. స్టీరింగు కింద ఉండే స్కానర్ పోర్టుకు పరికరం తగిలించి గానీ, మీటరు బోర్డు ఊడదీసి అందులోని చిప్‌లో అంకె మార్చి గానీ లక్షా ఇరవై వేలను నలభై వేలు చేయవచ్చు. పని అయ్యాక పైకి ఏ గుర్తూ మిగలదు. అందువల్ల మీటరు మీద కనిపించే అంకెను అమ్మేవాడు చెప్పిన మాటగా మాత్రమే తీసుకోవాలి. దానికి సాక్ష్యాలను వేరే చోట వెతకాలి.

కాజీపేట నుంచి వచ్చిన ఒక అధ్యాపకుడి విషయం చెబుతాను. 2017 మోడల్ డీజిల్ ఎస్‌యూవీ, మీటరు మీద 43 వేల చిల్లర, రంగు తళతళలాడుతోంది, లోపల సెంటు వాసన. డ్రైవరు సీటు కుడి అంచును చేత్తో నొక్కితే ఫోము లోపలికి దిగిపోయి మళ్లీ లేవలేదు. మనిషి రోజూ ఎక్కి దిగేటప్పుడు రాసుకునే చోటు అది. క్లచ్ పెడల్ రబ్బరు గీతలు చెదరకుండా కొత్తగా ఉంది, అంటే ఈమధ్యే మార్చినది, పక్కనే ఉన్న బ్రేకు పెడల్ రబ్బరు మాత్రం ఒక మూల నున్నగా అరిగిపోయి ఉంది. స్టీరింగుకు కుట్టిన కవరు విప్పి చూస్తే కింద తోలు చేతులు పట్టే రెండు చోట్లా మెరుస్తోంది. నాలుగు టైర్ల పక్క గోడ మీదా 1921 అని ఉంది, అంటే 2021వ సంవత్సరం 19వ వారంలో తయారైనవి. కంపెనీ నుంచి వచ్చిన టైర్లు మామూలుగా నలభై, యాభై వేల కిలోమీటర్లు వస్తాయి. ఆ బండికి మొదటి టైర్లు 2021 నాటికే అయిపోయాయంటే, ఇన్నేళ్ల తర్వాత మీటరు 43 వేల దగ్గర ఎలా ఉంటుంది?

ఆర్‌సీలో పేరున్న యజమానితో ఫోనులో మాట్లాడిస్తేనే ముందుకు వెళ్దామని పట్టుబట్టాను. ఆయన హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ ప్రతి వారం ఇంటికి వచ్చే మనిషి. తాను అమ్మేనాటికి లక్షా పదివేలు దాటిందని దాపరికం లేకుండా చెప్పి, బ్యాంకు యాప్ నుంచి ఫాస్టాగ్ స్టేట్‌మెంటు కూడా పంపారు. శుక్రవారం సాయంత్రం గూడూరు టోల్, ఆ తర్వాత కోమళ్ల టోల్, ఆదివారం రాత్రి తిరుగు వరుసలో అవే రెండు. హన్మకొండ నుంచి హైదరాబాదు పోయి రావడానికి సుమారు 280 కిలోమీటర్లు అనుకుంటే ఏడాదికి 50 వారాలకు 14 వేలు. ఇది ఒక్క ఆ ప్రయాణం లెక్కే. యజమాని దగ్గర పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 ఖాళీగానే సంతకాలు పెట్టించి తీసుకొని, బండి తన పేరు మీదికి మార్చుకోకుండానే తిరిగి అమ్ముతున్న మధ్యవర్తి దగ్గర ఆ అంకె మారింది. అధ్యాపకుడు అప్పటికే యాభై వేలు బయానా ఇచ్చి ఉన్నారు. అది తిరిగి రాబట్టుకోవడానికి ఆయన చాలా తిరగవలసి వచ్చింది.

మీరు చేయవలసిన పని కూడా ఇంతే. ఆర్‌సీ యజమానితో నేరుగా మాట్లాడండి. ఫాస్టాగ్ లావాదేవీలు అడగండి; 2021 ఫిబ్రవరి నుంచి అది తప్పనిసరి కాబట్టి హైవే ఎక్కిన బండికి ఎంతో కొంత చరిత్ర ఉంటుంది. కంపెనీ సర్వీసు సెంటరులో రిజిస్ట్రేషన్ నంబరు మీద సర్వీసు హిస్టరీ ఉంటుంది, ప్రతి ఎంట్రీలో తేదీ, ఆనాటి కిలోమీటర్లు రాసి ఉంటాయి. యజమానిని వెంటబెట్టుకొని వెళ్తే సాధారణంగా చూపిస్తారు. "బయట చేయించినం సార్" అంటే బయటి బిల్లులైనా అడగండి. కొన్ని మోడళ్లలో మీటరులోనే కాక ఇతర కంట్రోల్ యూనిట్లలో కూడా కిలోమీటర్లు నమోదవుతాయి, మంచి స్కానరు ఉన్న మెకానిక్ వాటిని చదవగలడు. ఇవేవీ చూపించకుండా "మీకు నమ్మకం లేకపోతే వద్దులెండి" అని అమ్మేవారు కోపగించుకుంటే, ఆ బండిని వదిలేయడమే మేలు.

ఈ మోసంలో పోయేది ఎక్కువ ధర ఒక్కటే కాదు. చాలా పనులకు గడువు కిలోమీటర్ల లెక్కన ఉంటుంది. డస్టర్ 1.5 డీజిల్, ఎకోస్పోర్ట్ 1.5 డీజిల్ ఇంజన్లలో వాల్వులు, పిస్టన్లు ఒక లెక్కలో కదిలేలా చూసే టైమింగ్ బెల్టు ఉంటుంది. కంపెనీ చెప్పిన గడువుకు మార్చకపోతే అది నడుస్తుండగానే తెగి, వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజన్ విప్పవలసిన పరిస్థితి వస్తుంది. మీటరు 50 వేలు చూపిస్తున్న బండికి బెల్టు మార్చాలని కొత్త యజమానికి ఎందుకు తోస్తుంది? క్రెటా 1.6 డీజిల్, పాత బ్రెజ్జా 1.3 డీజిల్ వంటి వాటిలో బెల్టుకు బదులు చైను ఉంటుంది కాబట్టి ఈ ప్రమాదం తక్కువ. అయినా గేర్‌బాక్స్ ఆయిలు, కూలెంటు, డీజిల్ ఫిల్టరు అన్నింటి లెక్కా తప్పుతుంది.

ఇక రీడింగు నిజంగానే తక్కువ అనుకుందాం. ఎనిమిదేళ్లలో 25 వేలు తిరిగిన బండి నా దృష్టిలో వెంటనే ఎగబడి కొనవలసినదేమీ కాదు. ఎక్కువ కాలం నిలబడి ఉన్న బండికి టైర్లు గట్టిపడతాయి, రబ్బరు గొట్టాలు, ఆయిల్ సీళ్లు, సస్పెన్షన్ బుష్‌లు ఎండిపోతాయి. కిలోమీటర్లు కాలేదు కదా అని ఏళ్ల తరబడి ఇంజన్ ఆయిలు మార్చనివారు ఎందరో ఉన్నారు. ఆయిలుకు కిలోమీటర్ల గడువుతో పాటు కాలం గడువు కూడా ఉంటుందని చెబితే ఆశ్చర్యపోతారు. హైవే మీద ఒకే వేగంతో లక్షా ఇరవై వేలు తిరిగి, ప్రతి సర్వీసుకూ కాగితం ఉన్న బండికి, హన్మకొండ చౌరస్తా ట్రాఫిక్‌లో సగం క్లచ్ మీద 50 వేలు తిరిగిన బండికి మధ్య ఎంచుకోమంటే, ధరలో తేడా చూసి, నేను మొదటిదే తీసుకుంటాను. మా అన్న కుటుంబానికి చూసి పెట్టింది కూడా అలాంటి లక్ష దాటిన బండినే. వదిన మొదట ముఖం చిట్లించింది, తర్వాత సర్వీసు కాగితాల కట్ట చూసి ఊరుకుంది.

బండిని చూడటానికి వెళ్లేటప్పుడు ముందు రోజే ఫోను చేసి, మీరు వెళ్లేదాకా స్టార్టు చేయవద్దని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చేయి పెట్టి చూడండి. వేడిగా ఉంటే, పొద్దున చల్లని ఇంజన్ ఎంత కష్టపడి లేచిందో, ఎంత పొగ వదిలిందో మీకు కనబడకుండా చేశారన్న మాట. ఇంజన్ వేడెక్కాక, అది నడుస్తుండగానే ఆయిల్ మూత జాగ్రత్తగా వదులు చేసి చూస్తే, పాడైన ఇంజనులో పొగ ఆగకుండా గుప్పుగుప్పున ఎగదన్నుతుంది.

అపోహ: ఎత్తుగా, పెద్దగా ఉంటే సౌకర్యంగా ఉన్నట్టే

ఎత్తు వేరు, సౌకర్యం వేరు. బొలెరో, స్కార్పియో వంటివి లారీల మాదిరిగా ఛాసిస్ మీద బాడీ కూర్చోబెట్టినవి. గతుకుల దారికి, బరువుకు అవి గట్టి బండ్లు. అయితే ఇద్దరు ముగ్గురే కూర్చున్నప్పుడు వెనక సీటులో కుదుపు తెలుస్తుంది. క్రెటా, బ్రెజ్జా, డస్టర్ వంటివి కారు తరహాలో బాడీ, ఛాసిస్ ఒకటిగా తయారైనవి. నలుగురైదుగురి కుటుంబానికి, పట్టణంలో ఎక్కువ, ఊరికి అప్పుడప్పుడు అనుకునేవారికి ఇవే నప్పుతాయి. వీటన్నింటి మధ్య ఇన్నోవా (కొత్తగా వచ్చిన హైక్రాస్ కాదు) ఒక మినహాయింపు: అదీ ఛాసిస్ మీది బండే, అసలు ఎస్‌యూవీ కూడా కాదు, అయినా ఏడుగురితో మేడారం దాకా పోయి వచ్చినా వెనక కూర్చున్నవారు అలసిపోయామని అనరు. అందుకే పాతదైనా దాని ధర దిగదు.

మోకాళ్ల నొప్పులున్న అమ్మ కోసం బండి చూస్తూ, అమ్మను ఇంట్లో వదిలి వచ్చేవారిని చూస్తే నాకు విసుగొస్తుంది. సీటు ఎత్తు ఆమె నడుముకు సమంగా ఉంటే కాలు పైకెత్తకుండా, కిందికి జారకుండా కూర్చోగలదు. అది కొలిచి చెప్పగలిగింది ఆమె ఒక్కతే. టెస్ట్ డ్రైవ్‌లో మీరు స్టీరింగు పట్టుకుంటే చాలదు, కొంతసేపు వెనక సీటులోనూ కూర్చోండి. అమ్మేవారు చూపించే నున్నటి రోడ్డు దాటి, పగిలిన రోడ్డు మీద, వరుస స్పీడ్ బ్రేకర్ల మీద పోనివ్వండి. ముందు చక్రాల దగ్గర టకటకమంటే చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బుష్‌లు గానీ, లింక్ రాడ్లు గానీ అరిగి ఉంటాయి. అవి మార్చుకుంటే పోయేవే. వాటి ఖర్చు అంచనా కట్టి ధరలో తగ్గించుకోవచ్చు కనుక భయపడనక్కరలేదు. మన దగ్గర ఎండాకాలం సంగతి తెలిసిందే కాబట్టి, బండి నిలబెట్టి ఏసీ వేసి పది నిమిషాలు వెనక సీటులో కూర్చోవడం మరవవద్దు.

అపోహ: ఎస్‌యూవీ అంటే డీజిలే కొనాలి

2020 ఏప్రిల్ నుంచి అమ్ముడైన బీఎస్ 6 డీజిల్ బండ్ల సైలెన్సరు వరుసలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది, మేము డీపీఎఫ్ అంటాము. పట్టిన మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడు హైవే మీద కొంతసేపు ఆగకుండా పోవాలి. పిల్లల బడి, కూరగాయల మార్కెట్టు, బ్యాంకు తప్ప మరో చోటికి పోని బండిలో ఆ ఫిల్టరు పూడుకుపోయి లైటు వెలుగుతుంది. పూర్తిగా పాడైతే మార్చడానికి అయ్యే ఖర్చు వినలేరు. నెలకు వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగనివారికి పెట్రోలే మంచిది.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. "సింగిల్ ఓనర్" అన్నది ఆర్‌సీలో పేరు ఒకటే ఉందని చెబుతుంది, స్టీరింగు ఎందరు పట్టారో చెప్పదు. భూపాలపల్లి, గోదావరిఖని వైపు సొంత బండికి ఉండే తెల్ల ప్లేటుతోనే అద్దెకు తిరిగిన బండ్లు నా దగ్గరకు వచ్చాయి. ఎయిర్‌బ్యాగులు ఉన్నాయని బ్రోచరు చూపిస్తే సరిపోదు. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ గుర్తు వెలిగి కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి, అసలే వెలగకపోతే అనుమానించాలి. 2023 జూలైలో హంటర్ రోడ్డు, నయీంనగర్, ఎన్టీఆర్ నగర్ వైపు ఇళ్ల ముందున్న బండ్లు నీళ్లలో నానిన సంగతి మనందరికీ తెలుసు. అలాంటివి శుభ్రపడి మళ్లీ అమ్మకానికి వస్తాయి కాబట్టి సీటు బెల్టును చివరిదాకా లాగి మట్టి చార ఉందేమో, కార్పెట్టు ఎత్తి సీటు పట్టాలకు తుప్పు పట్టిందేమో చూడండి. మునిగిన బండి ఎంత చౌకగా వచ్చినా వద్దు, దాని వైరింగు జబ్బు ఎప్పుడు బయటపడుతుందో ఎవరూ చెప్పలేరు.

అపోహ: ఢిల్లీ బండి సగం ధరకు వస్తుంది, లేదా పదేళ్లు దాటిన డీజిల్ ఇక్కడ కూడా నడవదు

రెండూ వదంతులే. పదేళ్ల డీజిల్ నిషేధం 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) ఉత్తర్వుతో, 2018లో సుప్రీంకోర్టు ఆదేశంతో వచ్చినది, ఢిల్లీ రాజధాని ప్రాంతానికి సంబంధించినది. ఇక్కడ సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. ఢిల్లీ నుంచి తెస్తే మాత్రం అక్కడి ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తేవాలి, ఇక్కడ లైఫ్ టాక్స్ కట్టాలి, కొత్త నంబరు తీసుకోవాలి, దారి ఖర్చు పెట్టుకోవాలి. ఇవన్నీ కలుపుకుంటే ఆ సగం ధర సగంగా మిగలదు.

కాగితాల్లో రెండు విషయాలు. బండి మీద ఫైనాన్సు ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఆర్‌సీలో ఫైనాన్సు పేరు తీసేయించే ఫారం 35 లేకుండా పూర్తి డబ్బు ఇవ్వవద్దు. ఇన్సూరెన్సు తనంతట తానే మీ పేరుకు వస్తుందనుకోవద్దు: థర్డ్ పార్టీ భాగం బండితో పాటు మారినట్టే చట్టం భావిస్తుంది గానీ, సొంత బండికి జరిగే నష్టం పరిహారం కావాలంటే 14 రోజుల్లో కంపెనీకి తెలిపి పేరు మార్పించుకోవాలి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) ఆయనదే, మీకు రాదు. మీ పాత కారు బోనస్‌ను మీరు ఈ బండికి తెచ్చుకోవచ్చు, దానికి పాత ఇన్సూరెన్సు కంపెనీ నుంచి సర్టిఫికెట్ అడగాలి.

అన్నట్టు, ఆ పాత కారు సంగతి. ఎవరికో ఇచ్చేశాం కదా అని ఆర్‌సీ మీ పేరు మీదే వదిలేస్తే, రేపు ఆ కారు ఎవరినైనా గుద్దితే ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ నోటీసు మీ ఇంటికే వస్తుంది. ఆర్‌సీలో పేరున్నవారే యజమాని, పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి పంపించకండి. కొన్నవారి పేరు, తేదీ రాయించి, వారి ఆధార్ నకలు తీసుకొని, ఆర్‌టీఏలో పేరు మారిందని మీ కళ్లతో చూసుకునేదాకా కొంత మొత్తం గానీ రెండో తాళం చెవి గానీ మీ దగ్గరే ఉంచుకోండి.