స్ట్రోక్ రోగికి దిండు వేయాలా, తీయాలా? తగువు వెనక 14 గంటలు

స్ట్రోక్ (పక్షవాతం) వచ్చిన మనిషిని తల ఎత్తి పడుకోబెట్టాలా, చదునుగా పడుకోబెట్టాలా అన్న తగువు తిరుపతి క్యాజువాలిటీల్లో మళ్లీ లేచింది. ఇంటివాళ్లు "ఆయాసపడతాండాడు సార్, ఇంకో దిండు పెట్టండి" అంటారు. న్యూరో డాక్టరు వచ్చి ఉన్న దిండు కూడా తీసేయమంటారు. ఆయన అటు తిరగ్గానే డ్యూటీ సిస్టర్ మంచం హ్యాండిల్ తిప్పి తలవైపు 30 డిగ్రీలు లేపుతుంది. ఆమెను తప్పుపట్టలేం, నేర్చుకున్నదే అది.

నిజానికి ఈ 30 డిగ్రీల పద్ధతికి బలం తలగాయాల ఐసీయూ నుంచి వచ్చింది. పుర్రెలో ఒత్తిడి పెరిగినప్పుడు తల ఎత్తితే సిరల్లోని రక్తం కిందికి దిగి ఒత్తిడి తగ్గుతుంది. తలకు దెబ్బ తగిలిన 22 మందిని పరిశీలించిన 1992 నాటి అధ్యయనం, 30 డిగ్రీలు లేపినా మెదడుకు రక్తం తగ్గలేదని తేల్చింది.

నాళంలో రక్తపు గడ్డ అడ్డుపడిన మెదడు సంగతి వేరు. మామూలుగా బీపీ అటూ ఇటూ అయినా మెదడు నాళాలు తామే సర్దుకుంటాయి. గడ్డకు అవతల, కొనఊపిరితో ఉన్న భాగంలో ఆ సర్దుబాటు పోతుంది. పక్కనాళాల గుండా వచ్చే కాసిన్ని రక్తమే దానికి దిక్కు. తల గుండెకన్నా పది సెంటీమీటర్లు పైకి లేస్తే అక్కడికి చేరే పీడనం బీపీ లెక్కలో 7 మిల్లీమీటర్లకు పైగా పడిపోతుంది. ట్యాంకులో నీళ్లు తక్కువున్నప్పుడు మేడమీది కుళాయి సన్నబడినట్టే. అమెరికాలో యాన్ అలెగ్జాండ్రోవ్ అనే నర్సు పరిశోధకురాలి బృందం 20 మంది రోగులకు కణత దగ్గర డాప్లర్ (రక్తవేగం చూపే అల్ట్రాసౌండ్ పరికరం) పెట్టి దీన్ని కొలిచింది. తలను 30 నుంచి సున్నాకు దించితే మెదడు ప్రధాన ధమనిలో రక్తవేగం సగటున 20 శాతం పెరిగింది. అది 2005.

అసలు మలుపు 2017లో వచ్చింది. హెడ్‌పోస్ట్ అనే భారీ పరీక్షలో మన దేశంతో సహా 9 దేశాల్లోని 114 ఆసుపత్రులు, 11,093 మంది రోగులు. ఒక వర్గాన్ని 24 గంటలు చదునుగా, రెండో వర్గాన్ని కనీసం 30 డిగ్రీలు తల ఎత్తి ఉంచారు. మూడు నెలల తర్వాత వైకల్యంలో తేడా లేదు. మరణాలు వరుసగా 7.3, 7.4 శాతం. న్యుమోనియా 3.1, 3.4 శాతం. పదకొండు వేల మంది లెక్క ముందు ఇరవై మంది లెక్క ఎవరికి గుర్తుంటుంది? "ఎట్లా పడుకోబెట్టినా ఒకటే" అన్న మాట స్థిరపడిపోయింది. ఎట్లా అయినా ఒకటే అన్నాక పాత అలవాటే గెలుస్తుంది.

అయితే ఆ పరీక్షలో రోగిని నిర్ణీత భంగిమలో ఉంచేసరికి స్ట్రోక్ వచ్చి సగటున 14 గంటలు దాటింది. తీవ్రత స్కోరు కూడా నాలుగే, అంటే ఎక్కువమందివి చిన్న స్ట్రోకులు. పెద్ద నాళం మూసుకున్నవాళ్లను విడిగా ఏరలేదు. మెదడులో రక్తస్రావమైనవాళ్లూ అందులోనే ఉన్నారు. దక్కాల్సిన భాగం దక్కడమో పోవడమో జరిగిపోయాక మంచం దించి, తేడా లేదని రాసుకున్నారు. లెక్క తప్పని ఎవరూ అనరు. అడిగిన ప్రశ్న వేరు, చదువుకున్న జవాబు వేరు.

సరైన ప్రశ్న అడగడానికి మళ్లీ అలెగ్జాండ్రోవే పూనుకున్నారు. 2025లో అచ్చయిన జోడియాక్ పరీక్షలో, పెద్ద నాళం మూసుకుని, గడ్డ తీసే ప్రొసీజర్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లనే తీసుకున్నారు. తేడా ఎంత స్పష్టంగా ఉందంటే, 92 మంది దగ్గరే పరీక్ష ఆపేశారు. తల ఎత్తి ఉంచిన 47 మందిలో 26 మందికి ప్రొసీజర్‌కు ముందే పరిస్థితి దిగజారింది. చదునుగా ఉంచిన 45 మందిలో ఒక్కరికే.

తల ఎత్తాలనేవాళ్ల అభ్యంతరాలూ ఉన్నాయి. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లు చదునుగా పడుకోలేరు. రక్తస్రావమై ఉంటే తల దించడం మంచిది కాదు, సీటీ తీయకుండా ఆ సంగతి తెలియదు. 92 మంది చిన్న సంఖ్యే.

చిత్తూరు జిల్లావాళ్లకు ఇది వార్డు గోడల మధ్య తేలే చర్చ కాదు. కుప్పంలో కాలూచెయ్యీ పడిపోయిన మనిషి తిరుపతికి చేరాలంటే పలమనేరు, చిత్తూరు మీదుగా నాలుగు గంటల దారి. చిత్తూరు నుంచి కొందరు వేలూరుకు తీసుకుపోతారు. దారిలో ఎక్కడో సీటీ తీసి, రక్తస్రావం లేదని తేల్చి, పెద్దాసుపత్రికి పొమ్మంటారు. జోడియాక్ మాట్లాడింది ఇలాంటి ఎదురుచూపు గురించే. ఆ సమయమంతా చాలామంది అద్దె కారు వెనక సీట్లో, కొడుకు భుజానికి తల ఆనించి కూర్చునే ఉంటారు. రెఫరల్ చీటీలో బీపీ, షుగర్, గడ్డ కరిగించే ఇంజెక్షన్ వేసిన టైము రాస్తారు. తల ఎట్లా ఉంచాలో రాసినవి అరుదు.

ఇక నాళం తెరుచుకున్నాక కూడా చదునుగానే ఉంచాలని జోడియాక్ చెప్పలేదు. మింగడం సరిగా ఉందో లేదో చూసి తల ఎప్పుడు ఎత్తాలన్నది వార్డు డాక్టరు తేల్చాల్సిందే. ఇప్పటి తగువు అంతకుముందు గంటల గురించి.