కోతిపిల్లను పెంచుకోవచ్చా, తాతా?

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

మీలో ఏడో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి రాసిన ఉత్తరం అందింది. వాళ్ళ వీధిలో కరెంటు తీగ తగిలి ఒక తల్లికోతి చచ్చిపోయిందట. పొట్టను కరుచుకున్న పిల్ల ఎంతకీ వదల్లేదట. ఊళ్ళోవాళ్ళు తల్లికి పసుపు కుంకుమ చల్లి, డప్పులతో ఊరేగించి, ఆంజనేయస్వామి గుడి వెనక పూడ్చిపెట్టారు. పిల్లను మాత్రం ఎవరో తెచ్చి ఈ అమ్మాయి చేతిలో పెట్టారు. "పాలు తాగుతోంది తాతా, నా జడ పట్టుకుని నిద్రపోతోంది. మేమే పెంచుకోవచ్చా?" అని అడిగింది.

అమ్మా, నీది మంచి మనసు. అందుకే తిప్పి తిప్పి చెప్పను, పెంచుకోవద్దు. కారణం చెప్పకుండా వద్దంటే అది పెద్దరికం చలాయించడమే అవుతుంది. నేను చాలాకాలం పశువైద్యుడిగా పనిచేసినవాణ్ణి. కట్టేసిన కోతుల్ని, కట్టు తప్పించుకున్న కోతుల్ని, అవి కరిచిన పిల్లల్ని చూశాను. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా రాస్తున్నాను. మిగతా పిల్లలు కూడా చదవండి.

మన దగ్గర ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. తల మీద జుట్టు నడిమికి పాపిట తీసి దువ్వినట్టుండి, తోక ఒళ్ళంత పొడుగున్నది దక్షిణాది కోతి. దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా దాని సొంత అడవి లేదు. తోక పొట్టిగా, నడుము కింది భాగం ఎర్రటి మట్టిరంగులో ఉంటే అది ఉత్తరాది నుంచి వచ్చిన రకం. పెద్దవాళ్ళు గోదావరిని వీటి మధ్య పొలిమేరగా చెప్పేవారు గానీ, ఇప్పుడు ఉత్తరాది కోతులు గోదావరి దాటి కిందికి వస్తున్నాయి. నల్లమొహం కొండముచ్చు వేరే జాతి, దాని సంగతి ఇక్కడ వద్దు.

ఆ పిల్ల నీ జడ ఎందుకు పట్టుకుందో చెప్తాను. కోతిపిల్ల పుట్టిన కొద్దిసేపటికే తల్లి పొట్టమీది వెంట్రుకల్ని నాలుగు కాళ్ళతోనూ బిగించి పట్టుకుంటుంది. తల్లి చెట్టు మీంచి చెట్టు మీదికి దూకినా, గోడ మీద పరుగెత్తినా పిల్ల జారిపడదు. పట్టు తప్పితే ప్రాణం పోతుంది కాబట్టి ఆ పట్టు దానికి పుట్టుకతోనే వస్తుంది. నీ జడ దానికి తల్లి పొట్టకు బదులు. నీమీద ప్రేమతో పట్టుకుందని నువ్వు అనుకుంటున్నావు, అలా అనుకోవడం సహజం. అది మాత్రం తల్లిని వెతుక్కుంటోంది.

అమెరికాలో హ్యారీ హార్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు. ఆయన కోతిపిల్లల్ని పుట్టగానే తల్లుల దగ్గర్నుంచి తీసేసి, వాటి ముందు రెండు బొమ్మతల్లుల్ని పెట్టాడు. ఒకటి ఇనుప తీగలతో చేసింది, దానికి పాలసీసా అమర్చారు. రెండోది మెత్తటి గుడ్డ చుట్టింది, దాని దగ్గర పాలుండవు. పిల్లలు పాలు తాగడానికి మాత్రమే తీగల తల్లి దగ్గరికి వెళ్ళి, తాగగానే వచ్చి గుడ్డ తల్లిని కరుచుకునేవి. భయమేస్తే దాని దగ్గరికే పరుగెత్తేవి. 1958లో ఈ సంగతి లోకానికి చెప్పాడు. తర్వాత జరిగిందే మనకు ముఖ్యం. ఒంటరిగా పెరిగిన ఆ పిల్లలు పెద్దయ్యాక తోటి కోతులతో ఎలా మెలగాలో తెలియక ఒక మూల కూర్చుని ముందుకీ వెనక్కీ ఊగుతూ ఉండేవి. వాటిలో తల్లులైనవి కొన్ని సొంత బిడ్డల్ని పట్టించుకోలేదు, కొన్ని గాయపరిచాయి కూడా. ఆ ప్రయోగం ఎంత క్రూరమైందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో దేవినట్టవుతుంది. మంచి ఉద్దేశంతోనే అయినా, ఇంట్లో ఒక్క కోతిపిల్లను పెంచితే మనం చేసేదీ దాదాపు అదే.

కోతికి బడి అంటే తన మంద. ఎవరికి దారివ్వాలి, ఎవరి దగ్గర కాయ లాక్కోవచ్చు, ఎవరి పేలు చూడాలి, ఏ ఆకు తినకూడదు, కుక్క వస్తే ఎలా అరవాలి, ఇవన్నీ అక్కడే నేర్చుకోవాలి. ఆడపిల్లలు పుట్టిన మందలోనే జీవితమంతా ఉండిపోతాయి, తల్లికున్న హోదాయే కూతురికీ వస్తుంది. మీ ఇంట్లో మీ అమ్మానాన్నలు ఎంత ప్రేమగా చూసినా ఈ చదువు చెప్పలేరు.

ఇక పెరిగాక ఏమవుతుందో చూడండి. ఫోనులో కోతిపిల్లకు చొక్కా తొడిగి, డైపర్ వేసి, సీసాతో పాలు పట్టే వీడియోలు మీరంతా చూసే ఉంటారు. అవన్నీ పిల్లలే, పెద్ద కోతి ఒక్కటైనా కనిపించిందా? మూడు నాలుగేళ్ళకు కోతి ఈడుకొస్తుంది. మగదానికి కోరపళ్ళు పొడుగ్గా, కత్తుల్లా పెరుగుతాయి. దాని లెక్కలో మీ ఇల్లే దాని మంద. మందలో తన స్థానం ఏమిటో తేల్చుకోవడానికి ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళమీద ముందు బలం చూపిస్తుంది. నిన్నటిదాకా భుజమెక్కిన కోతి ఇవాళ చెల్లెలి చెంప కొరికేస్తే ఇంట్లోవాళ్ళు "దీనికి పిచ్చెక్కింది" అంటారు. దానికేమీ కాలేదు, పెద్దదైందంతే. ఆ రోజు నుంచి గొలుసు వేస్తారు. మనుషుల దగ్గర కోతి ముప్పై ఏళ్ళ దాకా బతకగలదు. మూడేళ్ళ ముచ్చట కోసం మిగిలిన బతుకంతా గొలుసు.

అలాంటి కోతి నా దగ్గరికొకటి వచ్చింది. ఒక కిరాణా కొట్టాయన పెంచుకున్న మగకోతి అది. చిన్నప్పుడు నడుముకు తోలుబెల్టు కట్టారు. కోతి పెరిగింది, బెల్టు పెరగలేదు. బొచ్చు కప్పేయడంతో ఎవరూ గమనించలేదు, వాసన వస్తుంటే తీసుకొచ్చారు. మత్తుసూది వేసి బొచ్చు గొరిగి చూస్తే బెల్టు కనపడదు! చర్మం దానిమీదుగా పెరిగి మూసుకుపోయింది. వీపు దగ్గర బకిల్ అంచు మాత్రం గోరంత బయటికుంది. అక్కడ కోసి, పట్టకారుతో అంగుళం అంగుళం లాగుతుంటే చీము, పురుగులు బయటపడ్డాయి. నోరు తెరిచి చూస్తే కోరపళ్ళు సగానికి విరిచేసి ఉన్నాయి. కరవకుండా ఎవరో కటింగ్ ప్లేయరుతో విరిచారట. పంటిలోని నరం బయటపడి ఎన్నాళ్ళు నొప్పి పడిందో ఏమో.

ఆయన చెడ్డవాడేం కాదు, అది గుర్తుంచుకోండి. రోజూ పొద్దున్నే దానికి ఇడ్లీ పెట్టందే తను తినేవాడు కాదు. బెల్టు చూసి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. కోతి బతికింది. కానీ మందలో వదిలితే తోటి కోతులు చంపేస్తాయి, ఇంటికి తీసుకెళ్తే మళ్ళీ గొలుసే. రెంటికీ చెడ్డ రేవడి అయింది. జంతువుల్ని కాపాడే ఒక చోట బోనులో పెట్టారు. పక్క బోనులోని కోతులు తీగ దగ్గరికొచ్చి పెదాలు చప్పరిస్తూ పలకరిస్తే ఇది మూలకు పోయి కూర్చుని ముందుకీ వెనక్కీ ఊగేది. హార్లో కోతుల గురించి పుస్తకాల్లో చదివింది అక్కడ కళ్ళారా చూశాను.

పెదాలు చప్పరించడం అన్నాను కదా, కోతుల మొహం చదవడం నేర్చుకోండి, మీకు పనికొస్తుంది. పెదాలు టపటపా ఆడిస్తే "నేను నీ వాణ్ణే" అని. నోరు గుండ్రంగా తెరిచి, కనుబొమలెత్తి, కళ్ళలోకి గుచ్చి చూస్తే "దగ్గరికొచ్చావో, జాగ్రత్త" అని. పళ్ళన్నీ బయటపెట్టి పెదాలు వెనక్కి లాగితే అది నవ్వు కాదు, భయం. "నన్నేం చెయ్యకు" అని బతిమాలడం. వీడియోల్లో "చూడండి, ఎంత ముద్దుగా నవ్వుతోందో" అని రాసేది చాలాసార్లు ఈ భయం మొహాన్ని చూసే. మీరు కూడా కోతి కళ్ళలోకి అదే పనిగా చూసి, పళ్ళు కనిపించేలా నవ్వకండి. కళ్ళలోకి చూడటాన్ని అది పోట్లాటకు పిలుపుగా తీసుకుంటుంది.

కరిస్తే ఏం చెయ్యాలో కూడా చెప్పాలి. పంపు కింద ధారగా నీళ్ళు వదిలి, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. సున్నం, కారం, కాఫీపొడి, పసుపు ఏదీ పెట్టకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా వేయించుకోవాలి. రేబిస్ ఒక్కసారి బయటపడిందంటే బతకడం దాదాపు అసాధ్యం. గీరినా సరే ఇంట్లో చెప్పండి, తిడతారని దాచకండి. ఈ రెండు రకాల కోతుల్లో ఉండే బి వైరస్ అనేది వాటికి పెద్దగా హాని చెయ్యదు, మనిషికి సోకడం అరుదు, సోకితే మెదడును దెబ్బతీస్తుంది. 1932లో కోతి కరిచిన ఒక డాక్టరు దాంతోనే చనిపోయాడు. మన రోగాలు వాటికీ అంటుకుంటాయి. మన క్షయ, తట్టు కోతికి వస్తాయి. బ్రెజిల్ దేశపు మార్మోసెట్ అనే గుప్పెడంత కోతుల్ని నగరాల్లో వేలకు వేలు పోసి కొంటున్నారు. మన పెదవి మీద జ్వరంపొక్కు వచ్చినప్పుడు ముద్దు పెడితే చాలు, ఆ చిన్న ప్రాణి చచ్చిపోవచ్చు. ఎండ తగలకుండా అపార్టుమెంటులో పెంచితే దాని ఎముకలు మెత్తబడి వంగిపోతాయి. డబ్బుంది కదా అని ఇలాంటివి కొనిపెట్టే పెద్దవాళ్ళంటే నాకు కోపం.

చట్టం సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. దక్షిణాది కోతి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులి, ఏనుగు ఉన్న మొదటి షెడ్యూలులోనే, అంటే అన్నిటికంటే ఎక్కువ రక్షణ ఇచ్చే జాబితాలోనే ఉంది. ఇంట్లో కట్టేసి పెంచితే జైలు తప్పదు. ఉత్తరాది కోతిని 2022 సవరణలో షెడ్యూలు నుంచి తీసేశారు గానీ, హింసిస్తే 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం దానికీ వర్తిస్తుంది. కోతుల్ని ఆడించడాన్ని కేంద్రం 1998లో నిషేధించింది, ఎలుగుబంట్లు, పులులు, చిరుతలు, సింహాలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. 2001లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. కోతిని తాడుతో పట్టుకుని వీధి వీధి తిరిగి పొట్టపోసుకున్న కుటుంబాలకు ఆ రోజుల్లో వేరే బతుకుతెరువు లేదు. వాళ్ళను చులకన చేసి మాట్లాడకండి.

"కోతి అంటే హనుమంతుడు కదా తాతా, ఇంట్లో ఉంటే మంచిదే కదా" అని కూడా అమ్మాయి రాసింది. నేనూ మంగళవారం గుడికెళ్ళేవాణ్ణే. మనం కొలిచే స్వామి బ్రహ్మాస్త్రం కట్టు కూడా ఎక్కువసేపు ఆపలేనివాడు, లంకంతా తిరిగొచ్చినవాడు. ఆయన పేరు పెట్టి ఒక ప్రాణిని దొడ్లో కట్టేయడం నాకైతే భక్తిగా అనిపించదు.

సరే, ఇప్పుడు నీ దగ్గరున్న పిల్ల మాట. ఇవాళే మీ నాన్నగారిని తీసుకుని అటవీశాఖ రేంజ్ ఆఫీసుకు వెళ్ళు, లేదా మీ ఊరి బీట్ ఆఫీసరుకు ఫోను చెయ్యమను. తల్లి చనిపోయిన చోట మంద ఇంకా తిరుగుతుంటే ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. పిల్లను మందకు కనిపించేలా ఉంచి దూరంగా నిలబడితే, ఒక్కోసారి మరో ఆడకోతి వచ్చి తీసుకుపోతుంది. ఆ పని వాళ్ళు చూసుకుంటారు. నువ్వు మాత్రం పిల్లను చేతుల్లో పెట్టుకుని మంద దగ్గరికి వెళ్ళకు, మీదపడి కరుస్తాయి.

వాళ్ళొచ్చేదాకా దాన్ని వెచ్చగా ఉంచు. వేడినీళ్ళ సీసాకు తువ్వాలు చుట్టి పక్కన పెట్టు, పట్టుకోవడానికి ఒక మెత్తటి గుడ్డబొమ్మ ఇవ్వు. పాలు పట్టాల్సి వస్తే మనిషి బిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టకు. పొట్ట కిందికి ఉండేలా, తల కాస్త ఎత్తులో ఉండేలా పట్టుకుని, చుక్క చుక్కగా నాకనివ్వు. బలవంతంగా పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముద్దులు వద్దు, వీడియోలు వద్దు, పక్కింటి పిల్లల్ని పిలిచి చూపించొద్దు. ముట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కో. నిర్మల్ దగ్గర చించోలిలో 2020 నుంచి కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రం నడుస్తోంది. ఎక్కడికి పంపాలో అటవీశాఖ వాళ్ళే చెప్తారు. తీసుకెళ్ళేటప్పుడు ఏడుపొస్తే ఏడువు, ఫరవాలేదు.

మిగతా పిల్లలకు ఒక పని. శ్రీశైలం ఘాట్‌లోనో తిరుమల దారిలోనో కారు ఆపి కోతులకు బిస్కెట్లు, అరటిపళ్ళు వెయ్యొద్దని మీ ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పండి. తిండికి అలవాటుపడి రోడ్డుమీదికి వచ్చి బండ్ల కింద పడుతున్నాయి. చూడాలనుంటే దూరం నుంచి చూడండి. దొరికిన కాయల్ని బుగ్గల్లోని సంచుల్లో కుక్కుకుని ఏది ఎక్కడికి పోయి కూర్చుని తింటుందో, ఎవరు ఎవరికి పేలు చూస్తున్నారో, ఎవరొస్తే ఎవరు లేచి చోటిస్తున్నారో ఒక నోటుబుక్కులో రాసుకోండి. వారం పది రోజులు చూస్తే మందలో పెద్దెవరో మీకే తెలిసిపోతుంది. రాసింది నాకు పంపండి. జడ పట్టుకున్న పిల్ల ఎక్కడికి చేరిందో అమ్మాయి కూడా తప్పక రాయాలి.

ప్రేమతో,
మీ పశువుల డాక్టరు తాత