అపోహలు - వాస్తవాలు: చలికాలపు గల్‌కి తల కాదు, రెక్క చూడండి

"తల నల్లగా లేదు, గోధుమ రంగులోనూ లేదు. మరి ఇదేం గల్?" జనవరిలో దిల్లీ యమునా ఘాట్‌లో పడవెక్కి గల్స్‌ను (నీటి మీద ఎగిరే తెల్లటి పక్షులను) చూసే కొత్త బర్డర్లలో (పక్షులు చూసేవాళ్లలో) చాలామంది అడిగేది ఇదే.

అపోహ: తల రంగు చూస్తే బ్లాక్‌హెడెడ్ (నల్ల తల) గలో బ్రౌన్‌హెడెడ్ (గోధుమ తల) గలో తేలిపోతుంది.

తేలదు. చలికాలంలో రెండింటి తలా తెలుపే, కంటి వెనక ఒక నల్ల చుక్క మిగులుతుంది. మార్చిలో టోపీ (తలను కప్పే ముదురు ఈకలు) రంగు వచ్చాక చూద్దామంటే, బ్లాక్‌హెడెడ్ టోపీ అసలు రంగు ముదురు చాక్లెట్! పేరు పెట్టినవాళ్లను ఓసారి తిట్టుకుని రెక్కల మీదికి రండి.

ఎదిగిన బ్రౌన్‌హెడెడ్‌కి రెక్క కొస వెడల్పుగా నల్లగా ఉంటుంది. ఆ నలుపులో, బయటి రెండు ప్రైమరీల (రెక్క కొసలోని పొడవాటి ఈకల) మీద కోలగా తెల్ల మచ్చలుంటాయి. అవే మిర్రర్లు. బ్లాక్‌హెడెడ్‌కి రెక్క ముందంచు వెంబడి కొస దగ్గరి దాకా పొడవాటి తెల్ల చీలిక సాగుతుంది. నలుపు ఈకల చివర్లలో కాటుక గీసినంతే.

"మిర్రర్ లేదు, కాబట్టి బ్లాక్‌హెడెడ్" అనే తొందర మనం రాసుకునే పక్షుల జాబితాలను పాడుచేస్తుంది. తొలి చలికాలపు బ్రౌన్‌హెడెడ్ పిల్లకి మిర్రర్లు ఉండవు, కన్ను కూడా నల్లదే. తోక చివర నల్ల పట్టీ, రెక్క మీద గోధుమ ఈకలు కనిపిస్తే అది పిల్ల. అక్కడ తెలుపు ఎక్కడ ఆగిందో చూడాలి. ముందంచు వెంబడి కొస వైపు సాగితే బ్లాక్‌హెడెడ్. మధ్యలోనే ఆగి, బయటి భాగమంతా నలుపైతే బ్రౌన్‌హెడెడ్.

ఇంకో చిక్కు వెలుతురుది. ఘాట్ ఉన్నది పడమటి ఒడ్డున. పొద్దున మెట్ల మీంచి చూస్తే సూర్యుడు ఎదురుగా ఉంటాడు, ప్రతి రెక్కా నల్లగానే కనబడుతుంది. పడవలో నది సగం దాటి వెనక్కి తిరిగి చూడండి. కెమెరా షట్టర్ 1/2000 దగ్గర పెట్టి, తెలుపు మాడిపోకుండా ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి వరసగా కొట్టండి. రెక్క పూర్తిగా విప్పిన ఫ్రేమ్ ఒక్కటి చాలు.

అపోహ: గోధుమ మచ్చలున్నవి వేరే జాతి. కాదు, పిల్లలే. రెండో చలికాలానికి పెద్దవాటిలా అవుతాయి.

అపోహ: అన్నీ సైబీరియా పక్షులే. ఈ పుకారు ఏటా పుడుతుంది. బ్రౌన్‌హెడెడ్ మన లదాఖ్‌లోనూ, టిబెట్ సరస్సుల దగ్గరా గూడు కడుతుంది.

అపోహ: నది మీద ఎగిరే తెల్లవన్నీ గల్సే. చీలిన తోక, పసుపు ముక్కు ఉంటే రివర్ టర్న్. ముక్కు పసుపై, దాని మీద నల్ల పట్టీ ఉండి, పక్కవాటి ముందు భారీగా కనిపిస్తే పల్లాస్ గల్, అది గల్లే కానీ వేరే జాతి. కాకినాడ తీరంలోనూ ఇవే గుర్తులు పనికొస్తాయి.

అపోహ: తెల్ల కన్ను కనబడితే చాలు. ఎదిగిన బ్రౌన్‌హెడెడ్‌కి కన్ను పాలిపోయి ఉండేది నిజమే, కానీ ఎండ మెరుపు నల్ల కన్నునూ తెల్లగా చూపిస్తుంది.

దూరంగా నీళ్ల మీద రెక్కలు ముడుచుకుని కూర్చున్నదాన్ని తేల్చలేకపోతే బెంగపడకండి. ఈబర్డ్‌లో (చూసిన పక్షులను నమోదు చేసే వెబ్‌సైట్‌లో) జాతి చెప్పకుండా గల్ అని మాత్రమే నమోదు చేసే వీలుంది, అది తప్పూ కాదు, తక్కువా కాదు. లేదంటే కాసేపు ఆగండి. కారప్పూస విసిరే పడవ ఒకటి ఎలాగూ వస్తుంది (ఆ ఉప్పూ నూనే వాటి తిండి కాదు, మీరు విసరకండి), అన్నీ ఒక్కసారి లేచి రెక్కలు విప్పుతాయి.