సరంగు దగ్గరే ఆగిన నిచ్చెన

గోదావరిలో లాంచీ నడిపేవాణ్ని మనం ఇప్పటికీ సరంగు అంటాం. బ్రిటిష్ వాళ్ల ఆవిరి ఓడల్లోనూ సరంగు ఉండేవాడు, కాకపోతే అక్కడ ఓడ ఆయన చేతిలో ఉండేది కాదు. డెక్ మీద చాకిరీ చేసే మన కళాసీలకు ఆయన మేస్త్రీ, అంతే. ఎన్నేళ్లు సముద్రం మీద గడిపినా మనవాడు ఎక్కగలిగిన ఆఖరి మెట్టు దాదాపు అదే, ఆ పైన ఆఫీసర్లంతా తెల్లవాళ్లు.

1919 ఏప్రిల్ 5న మనవాళ్లు పెట్టిన సింధియా షిప్పింగ్ కంపెనీ ఓడ లాయల్టీ బొంబాయి నుంచి లండన్‌కి బయల్దేరింది. (విశాఖలో సింధియా అనే పేట ఈ కంపెనీ పెట్టిన షిప్‌యార్డు వల్ల వచ్చిన పేరే.) ఓడైతే మనదైంది గానీ మన కుర్రాళ్లను ఆఫీసర్లుగా తయారుచేసే చోటు దేశంలో లేదు. అది 1927లో బొంబాయి రేవులో డఫరిన్ శిక్షణ ఓడతో మొదలైంది. మంచిదే, కానీ ఆ తలుపు తెరుచుకుంది క్యాడెట్లకు, అంటే ఆఫీసరు శిక్షణలో చేరే కుర్రాళ్లకు, కళాసీలకు కాదు. ఆఫీసరు ఒక దారి, రేటింగ్ (కళాసీ లాంటి, ఆఫీసరు కాని ఓడ పనివాడు) ఒక దారి అన్న ఆ విభజన ఈరోజుకీ పోలేదు, నాకు బాధగా ఉండేది అక్కడే.

ఒడ్డున ఉద్యోగాల సంగతీ అంతే. పోర్టు పైలట్, సర్వేయర్, కంపెనీ సూపరింటెండెంట్, వీటికి ఆఫీసరు సర్టిఫికెట్టే ఆధారం. 1987లో బెల్జియంలోని జీబ్రుగ్ రేవు దగ్గర హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ ఫెర్రీ బోల్తాపడి 193 మంది చనిపోయాక, తప్పు ఓడలోనే కాదు ఆఫీసులోనూ ఉందని తేలింది. 1998 నుంచి అమల్లోకొచ్చిన ఐఎస్ఎం కోడ్ (ఓడల భద్రత నిర్వహణకు అంతర్జాతీయ నియమావళి) వల్ల, ఓడ భద్రత గురించి నేరుగా యాజమాన్యంతో మాట్లాడే మనిషి ఒకరు ఒడ్డున ఉండి తీరాలి. అలా సముద్రం తెలిసినవాళ్లకు ఆఫీసుల్లో గిరాకీ పెరిగింది, కానీ ఆ కుర్చీల్లోకి వెళ్లేదీ ఎక్కువగా కెప్టెన్లు, చీఫ్ ఇంజినీర్లే.

రేటింగ్‌కి దారి అసలు లేదని కాదు. అంతర్జాతీయ ఎస్‌టీసీడబ్ల్యూ (ఓడ సిబ్బంది శిక్షణ, సర్టిఫికెట్ల) నిబంధనల ప్రకారం 36 నెలల సముద్ర సేవ ఉన్నవాడు, అందులో కనీసం 6 నెలలు ఆఫీసరు పర్యవేక్షణలో బ్రిడ్జి (ఓడను నడిపే గది) మీద వాచ్ (వంతు డ్యూటీ) చేసి ఉంటే, డెక్ ఆఫీసరు పరీక్షకు వెళ్లే దారి ఉంది. కాంట్రాక్ట్ అయిపోగానే జీతం ఆగిపోయే మనిషి ఇంట్లో ఖర్చులు చూసుకుంటూ, కోర్సులకు ఫీజులు కట్టుకుంటూ, ఇంగ్లీషులో రాతపరీక్ష, ఆపైన ఓరల్స్ అంటే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. ఉత్తరాంధ్ర తీరం నుంచి రేటింగ్‌గా ఓడ ఎక్కుతున్న తమ్ముళ్లూ, బ్రిడ్జి వాచ్ ఇమ్మని మొదటి కాంట్రాక్ట్‌లోనే అడగండి, దిగేటప్పుడు ఆ నెలలు కెప్టెన్ చేత కాగితం మీద రాయించుకోండి, సీడీసీలో (మన సముద్ర సేవ నమోదయ్యే పుస్తకం) సైన్ ఆన్, సైన్ ఆఫ్ తేదీలు, అంటే ఓడ ఎక్కిన, దిగిన తేదీలు సరిగ్గా పడ్డాయో లేదో అక్కడే చూసుకోండి.