చారల సూటు: అపోహలు - వాస్తవాలు

అపోహ: నిలువు చారలు వేసుకుంటే ఎవరైనా పొడుగ్గా, సన్నగా కనిపిస్తారు.

సగమే నిజం. చార కన్నా చారల మధ్య ఎడం ముఖ్యం. ఎడం ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు ఉంటే చూపు పైనుంచి కిందికి సాగుతుంది. రెండున్నర దాటితే చార నుంచి పక్క చారకు అడ్డంగా పోతుంది, ఛాతీ వెడల్పుగా తోస్తుంది. నిలువు గీతలతో నింపిన చతురస్రం వెడల్పుగా, అడ్డగీతలతో నింపినది ఎత్తుగా కనిపిస్తుందని జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1867లోనే చెప్పాడు. అందుకే బక్కపలచగా ఉన్నవారికి ఎడం ఎక్కువున్న చారలు బాగా నప్పుతాయి. ఇక కోటు బిగుతైతే ఏ చారా కాపాడదు: బొత్తాం పెట్టగానే పొట్ట దగ్గర చారలు వంకర తిరిగి, దాచాలనుకున్నదాన్నే చూపిస్తాయి.

అపోహ: పిన్‌స్ట్రైప్, చాక్ స్ట్రైప్ ఒకటే.

పిన్‌స్ట్రైప్ ఒకటి రెండు దారాల సన్నగీత, అంచు స్పష్టంగా ఉంటుంది. చాక్ స్ట్రైప్ కొన్ని దారాల వెడల్పు. నూగున్న ఫ్లానెల్ మీద అంచులు చెదిరి, దర్జీ సుద్దతో గీసినట్టుంటుంది. అది చలికాలపు గుడ్డ. ఎండలో ఉక్కపోస్తుంది.

అపోహ: చారల సూటు బ్యాంకర్లకూ, పెద్ద హోదాలకే.

ఆ దర్పం ముదురు నీలం మీద తెల్లచార నుంచి వస్తుంది. అదే నీలం మీద కాస్త లేత నీలం చార తీసుకోండి. నాలుగడుగుల దూరం నుంచి సాదా సూటులాగే ఉంటుంది. మొదటి చారల సూటుకు మేం సూచించేది ఇదే.

అపోహ: చారల సూటు మీదికి చారల చొక్కా కుదరదు.

కుదురుతుంది, కొలత మారాలంతే. సూటు చారల ఎడం ఒకటిన్నర సెంటీమీటర్లుంటే చొక్కాకు రెండు మూడు మిల్లీమీటర్లు చాలు. రెండింటి ఎడమూ దాదాపు ఒకటే అయితే కళ్లు చెదురుతాయి. టై సాదాది కట్టండి, లేదా ఈ రెండింటికన్నా పెద్ద డిజైన్ ఉన్నది.

అపోహ: మంచి కుట్టైతే అన్నిచోట్లా చారలు కలవాలి.

కలవాల్సిన చోట్లు వేరు, కలవలేని చోట్లు వేరు. ఛాతీ జేబు పట్టీ, కింది జేబుల ఫ్లాపులు కోటు చారతో తప్పకుండా కలవాలి. వెనక మెడ దగ్గర వీపు చారలు కాలర్ మీదికి తెగకుండా ఎక్కాలి. నిపుణత ముందు అక్కడే బయటపడుతుంది. భుజం సంగతి అలా కాదు. వెనక గుడ్డను సెంటీమీటరు దాకా ఎక్కువగా కత్తిరించి, ముందు గుడ్డ పొడవుకు కుదించి కుడతారు. కాబట్టి మెడ వైపు చారలు కలిసినా, భుజం చివరికి వచ్చేసరికి తప్పుతాయి. నడుం డార్టులో, అంటే గుడ్డను లోపలికి మడిచి కుట్టేచోట, ఒక చార మాయమవడమూ సహజమే.

రెడీమేడ్ సూటును సరిచేయించేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. నడుం తగ్గించాలంటే పక్క కుట్లలో తగ్గించమనండి. వీపు కుట్టులో పైదాకా తీస్తే కాలర్‌తో పొంతన పోతుంది, భుజం తగ్గిస్తే చేతి దగ్గర చారలన్నీ కదిలిపోతాయి. భుజాలు సరిపోని చారల కోటును కొనకుండా వదిలేయండి.

ప్యాంటు మడత చార మీదైనా, రెండు చారల మధ్యైనా పడొచ్చు, రెండు కాళ్లకూ ఒకేలా ఉండాలి.